కలాంబో జలపాతం పైన దొరికిన రెండు దుంగలు: 4,76,000 ఏళ్ల లెక్క వెనక అసలు కథ

జాంబియా అనగానే టూర్ ప్యాకేజీల వాళ్లు విక్టోరియా జలపాతం ఫొటో ముందు పెట్టేస్తారు. తప్పేం లేదు. 1,700 మీటర్ల వెడల్పున జాంబెజీ నది మొత్తం 108 మీటర్ల లోతుకి ఒక్కసారిగా పడుతుంటే ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే. కానీ అదే దేశంలో, ఇంకో కొసన, టాంజానియా సరిహద్దు మీద కలాంబో అని ఇంకో జలపాతం ఉంది. దానికి వెడల్పు పెద్దగా లేదు, సన్నగా ఒకటే ధార. ఎత్తు మాత్రం విక్టోరియాకి రెట్టింపు. కొందరు 221 మీటర్లంటారు, ఎక్కువమంది 235 అని రాస్తారు. మన జోగ్ జలపాతం 253 మీటర్లు కాబట్టి అది చూసినవాళ్లకి ఈ ఎత్తేంటో ఇట్టే అర్థమవుతుంది. మధ్యలో ఎక్కడా మెట్లూ మలుపులూ లేకుండా పైనుంచి కిందిదాకా ఒకే దూకు.

2023 సెప్టెంబర్‌లో ఈ కలాంబో పేరు ఒక్కసారిగా ప్రపంచమంతా మోగింది. జలపాతానికి కాస్త ఎగువన, నది ఒడ్డున, ఒకదానిమీద ఒకటి అడ్డంగా బిగించి పెట్టిన రెండు దుంగలు దొరికాయని, వాటి వయసు సుమారు 4,76,000 ఏళ్లని నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ మర్నాటి నుంచి హెడ్‌లైన్లు ఎలా ఉన్నాయంటే, 'మనిషి పుట్టకముందే ఇల్లు కట్టారు' అని ఒకరు, 'చరిత్ర తిరగరాయాలి' అని ఇంకొకరు. వాట్సాప్‌లో అయితే త్రేతాయుగం దాకా వెళ్లిపోయారు. ఇందులో ఏది నిజం, ఏది ఊహ, అన్ని లక్షల ఏళ్లని ఎలా తేల్చారు, అసలు చెక్క అన్నాళ్లు పుచ్చిపోకుండా ఎలా ఉంది అన్నవి విడివిడి ప్రశ్నలు. వాటన్నిటినీ ఒకే ముద్ద చేసి చెప్పడం వల్లే గందరగోళమంతా.

నా మటుకు నాకు ఈ మొత్తం కథలో అసలు హీరో దుంగలు కాదు, జలపాతం అంచున ఉన్న రాయి.

ఒక్క రాయి చేసిన పని

తూర్పు ఆఫ్రికాలో భూమి పైపొర లక్షల, కోట్ల ఏళ్లుగా నెమ్మదిగా చీలుతోంది. ఆ చీలికలో పడమటి పాయ పొడవునా వరసగా సరస్సులు ఉన్నాయి, వాటిలో టాంగన్యీకా ఒకటి. పొడవు దాదాపు 670 కిలోమీటర్లు, లోతు 1,470 మీటర్లు. సైబీరియాలోని బైకాల్ తర్వాత ప్రపంచంలో అంత లోతైన సరస్సు ఇంకోటి లేదు. అంటే పక్కనున్న పీఠభూమికీ సరస్సు మట్టానికీ మధ్య పెద్ద గట్టు ఉందన్నమాట. పీఠభూమి మీద నుంచి వచ్చే ఏ చిన్న నది అయినా సరస్సులోకి చేరాలంటే ఆ గట్టు దిగాలి. కలాంబో నది దిగే తీరే ఈ జలపాతం. కిందపడ్డాక దాదాపు 300 మీటర్ల లోతున్న లోయలో పారి, సరస్సు వైపు సాగిపోతుంది. జాంబియాకీ టాంజానియాకీ సరిహద్దు కూడా ఆ నదే.

మామూలుగా నది ఏం చేస్తుంది? తన అడుగుని తానే కోసుకుంటూ పోతుంది. రాయి మెత్తనిదైతే జలపాతం వెనక్కి వెనక్కి జరుగుతూ కొన్నాళ్లకి వాలుగా మారిపోతుంది. ఇక్కడ మాత్రం అంచున ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి తయారైన మొండి రాయి. దాన్ని కోయడం నదికి అంత తేలిక కాదు. దాంతో ఆ అంచు వెనక నీళ్లు నెమ్మదించాయి. పైన ఒక చిన్న పళ్లెం లాంటి మైదానం ఏర్పడింది. అక్కడ నది వంకరటింకరగా తిరుగుతూ, వరదొచ్చినప్పుడల్లా ఇసుక, ఒండ్రు, బంకమట్టి పరుచుకుంటూ పోయింది. నేల అడుగున ఎప్పుడూ తడి ఉంటుంది.

ఈ తడే అసలు కీలకం. చెక్కని పుచ్చబెట్టేవి బూజులు, సూక్ష్మజీవులు, చెదలు. వాటికి గాలి కావాలి. నీళ్లు నిండిన మట్టిలో గాలి ఆడదు కాబట్టి వాటి ఆటలు సాగవు. ఎండుతూ తడుస్తూ ఉంటే చెక్క పదేళ్లు కూడా నిలవదేమో కానీ, ఒక్కసారి నీళ్ల అడుగున మట్టిలో కూరుకుపోయి ఎప్పుడూ పైకి రాకపోతే మాత్రం లక్షల ఏళ్లయినా ఉండగలదు. కలాంబోలో అదే జరిగింది. అంచున రాయి ఇంకొంచెం మెత్తనిదై ఉంటే నది ఎప్పుడో కిందికి కోసుకుపోయేది, మైదానంలో తడి ఆరిపోయేది, దుంగలు మట్టిలో మట్టయిపోయేవి. అక్కడ పురావస్తు స్థలమూ ఉండేది కాదు, జలపాతమూ ఉండేది కాదు.

ఈ చోటు గురించి రాసేవాళ్లు చాలామంది 'అందమైన జలపాతం, పక్షులు, పురాతన చరిత్ర అన్నీ ఒకేచోట' అని ఏదో అదృష్టం కలిసొచ్చినట్టు రాస్తుంటారు. అది కాకతాళీయం కాదు, ఒకే కారణానికి మూడు ఫలితాలు.

క్లార్క్ చూసినదీ, తేల్చలేకపోయినదీ

జె. డెస్మండ్ క్లార్క్ అని ఒక బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త. అప్పట్లో ఉత్తర రొడీషియా అని పిలిచే ఇప్పటి జాంబియాలో లివింగ్‌స్టన్ మ్యూజియం ఆయన చేతుల్లోనే పెరిగింది. 1953లో జలపాతం పైన ఉన్న మైదానానికి వెళ్లినప్పుడు నది కోసిన ఒడ్డులో రాతి పనిముట్లు కనిపించాయి. అవి ఆఫ్రికాలో చాలాచోట్ల దొరుకుతాయి, కొత్త కాదు. కానీ వాటితోపాటు అదే పొరల్లో చెక్క, ఆకులు, గింజలు, కాయలు కూడా ఉండడం ఆయన్ని ఆపేసింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా వచ్చి తవ్వుతూనే ఉన్నారు. ఫలితాల్ని మూడు పెద్ద సంపుటాలుగా వేశారు. మొదటిది 1969లో, రెండోది 1974లో, మూడోది 2001లో. ఆ మరుసటి ఏడే ఆయన చనిపోయారు. ఒక్క స్థలం మీద జీవితకాలం పనిచేయడమంటే ఇదే.

పొరల్లో అట్టడుగున రెండువైపులా చెక్కిన పెద్ద చేతిగొడ్డళ్లు, ఆ పైన ఇంకా చిన్న, పదునైన పనిముట్లు, ఇంకా పైకొస్తే ఇనుము కరిగించి వ్యవసాయం చేసినవాళ్ల కుండపెంకులు. ఆ కుండల శైలికి పురావస్తు పుస్తకాల్లో కలాంబో పేరే స్థిరపడింది. రాతియుగం నుంచి ఇనుపయుగం దాకా ఇన్ని దశలు ఒకే చిన్న మైదానంలో దొరకడం అరుదు.

కొన్ని చెక్క ముక్కల్ని మనుషులే చెక్కారని క్లార్క్‌కి అప్పుడే అనుమానం. కానీ రుజువు చేయడం ఎలా? నదిలో రాళ్లకి రాసుకున్నా చెక్క మీద గీతలు పడతాయి. పైగా వయసు తేల్చే దారి లేదు. చెక్కలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ని కొలిచి వయసు కట్టే రేడియోకార్బన్ పరీక్షలో 60,000 ఏళ్ల చుట్టుపక్కల లెక్కలు వచ్చాయి. అక్కడే అసలు తిరకాసు. రేడియోకార్బన్ 5,730 ఏళ్లకి సగం అయిపోతుంది. 50,000 ఏళ్లు దాటాక మిగిలేది ఎంత తక్కువంటే, నమూనాకి ఎక్కడో చిటికెడు కొత్త కార్బన్ అంటుకున్నా లెక్క మొత్తం తారుమారవుతుంది. అంటే ఆ 60,000 అన్నది వయసు కాదు, 'ఇంతకంటే పాతది, ఎంత పాతదో నేను చెప్పలేను' అని ఆ పద్ధతి చేతులెత్తేయడం. దశాబ్దాలపాటు కలాంబో అక్కడే ఆగిపోయింది.

ఇసుక రేణువుని అడిగితే వయసు చెప్పింది

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం నుంచి లారీ బార్హమ్ బృందం 2006లో ఒకసారి, 2019లో మరోసారి కలాంబోకి వెళ్లి తవ్వింది. వయసు లెక్కలు చూసింది వేల్స్‌లోని అబరిస్‌విత్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ డల్లర్. ఆయన దుంగల్ని ముట్టుకోనే లేదు. దుంగల చుట్టూ ఉన్న ఇసుకని తీసుకెళ్లారు.

ఈ పద్ధతిని గుడి హుండీతో పోల్చి చూడండి. మట్టిలో సహజంగానే యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి. వాటి నుంచి వచ్చే రేడియేషన్ వల్ల ఇసుక రేణువుల్లోని చిన్న చిన్న లోపాల్లో ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా వచ్చి పడుతుంటాయి, ఏడాదికి ఇన్ని అని లెక్క కట్టగలిగేంత నిలకడగా. ఎండ తగిలితే హుండీ ఖాళీ అయిపోతుంది. మళ్లీ మట్టిలో పూడుకుపోయి చీకట్లో ఉంటే మళ్లీ మొదట్నుంచి నిండడం మొదలు. ల్యాబ్‌లో ఆ రేణువు మీద ప్రత్యేకమైన కాంతి వేస్తే, దాచుకున్నదంతా వెలుగు రూపంలో కక్కేస్తుంది. ఆ వెలుగుని కొలిచి, ఏడాదికి పడే లెక్కతో భాగిస్తే, ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో వస్తుంది.

అందుకే నమూనా తీయడం కూడా ఓ తతంగం. వెలుగు చొరబడని గొట్టాన్ని ఒడ్డు గోడలోకి సుత్తితో దిగ్గొట్టి, రెండు కొసలూ మూసేసి, ఫొటోలు కడిగే డార్క్‌రూమ్‌లా మసక ఎర్ర లైటు మాత్రమే ఉన్న గదిలో తెరుస్తారు. గొట్టం కొసల దగ్గరి ఇసుకకి వెలుగు తగిలి ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి, నడిమి ఇసుకే వాడతారు. ఒక్క క్షణం పొరపాటున ఎండ తగిలినా లక్షల ఏళ్ల లెక్క చెరిగిపోతుంది.

ఇందులోనూ చిక్కుంది. క్వార్ట్జ్ రేణువు చిన్న హుండీ, లక్షా రెండు లక్షల ఏళ్లకే నిండిపోతుంది, ఆపైన పడేది లెక్కకి రాదు. ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజం పెద్ద హుండీ. కలాంబో దుంగల వయసు ఫెల్డ్‌స్పార్‌తో తేల్చారు. ఆ లెక్క 4,76,000, అటూఇటూ 23,000 ఏళ్లు. హెడ్‌లైన్లలో ఆ 'అటూఇటూ' ఎగిరిపోయింది కానీ, శాస్త్రవేత్తలకి అదే ముఖ్యం. 4,53,000 అయినా కావచ్చు, 4,99,000 అయినా కావచ్చు. నాకైతే ఈ తేడా వల్ల కథ మారుతుందని అనిపించదు.

ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు. కర్నూలు వైపు జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల క్రితం పేలినప్పుడు వచ్చి పడ్డ బూడిద పొర ఉంది కదా, ఇప్పుడది నంద్యాల జిల్లా. ఆ బూడిదకి కిందా పైనా రాతి పనిముట్లు దొరికినప్పుడు, వాటి వయసు కట్టడానికి ఇలా ఇసుక రేణువుల మీదే ఆధారపడ్డారు. 2007లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు మన పత్రికల్లో ఎంత చోటు దక్కిందో తెలీదు కానీ, ప్రపంచ పురావస్తు రంగంలో పెద్ద చర్చే నడిచింది.

సరే, ఇసుక వయసు తేలింది. దుంగ వయసు కూడా అదేనని గ్యారంటీ ఏంటి? వరద ఎక్కడినుంచో పాత దుంగని కొట్టుకొచ్చి కొత్త ఇసుకలో పడేసి ఉండొచ్చుగా? న్యాయమైన అనుమానమే. దీనికి జవాబు దుంగల అమరికలో ఉంది. వరద తెచ్చి పడేస్తే ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చుని ఉండదు. అవి ఎలా అమర్చారో అలాగే ఉండగా ఇసుక వచ్చి కప్పేసింది.

గాడి

పై దుంగ పొడవు సుమారు 1.4 మీటర్లు. రెండు కొసలూ సన్నగా చెక్కి ఉన్నాయి. దాని అడుగు భాగంలో వెడల్పాటి గాడి తీశారు. ఆ గాడి సరిగ్గా కింద అడ్డంగా పడుకున్న చెట్టు మాను మీద కూర్చుంటుంది. గాడి లోపల పక్కపక్కనే నరికిన గుర్తులు, గీకిన గుర్తులు ఉన్నాయి. అలాంటి గుర్తులే ఇప్పుడు రాతి పనిముట్లతో పచ్చి చెక్కని నరికి చూస్తే వస్తాయి. నీళ్లలో రాసుకుంటే పడే గీతలు అలా ఉండవు. చెట్టు బుష్‌విల్లో అనే ఆఫ్రికా జాతి. మన మద్ది, కరక్కాయ చెట్ల కుటుంబానిదే.

దీన్ని ఓ వడ్రంగికి చూపిస్తే పెద్దగా ఆశ్చర్యపోడు, ఏదో మోటు పని అనేస్తాడు. కానీ ఆలోచించండి. కర్ర మొన చెక్కి ఈటె చేయడం వేరు, అది చేతిలో పట్టుకునే వస్తువు, ఒకటే ముక్క. ఇక్కడ రెండు ముక్కలున్నాయి. ఒకదాని కొలత చూసి ఇంకోదాన్ని చెక్కాలి. కింది మాను ఎంత లావుందో గుర్తుపెట్టుకుని పై దుంగలో గాడి తీయాలి. పూర్తయ్యాక ఎలా ఉంటుందో ముందే బుర్రలో కనిపించాలి. పైగా ఇదంతా చేసింది పిడి లేని రాయితో, లేదా అప్పుడప్పుడే పిడి బిగించడం నేర్చుకుంటున్న కాలంలో.

దీనికి ముందు చెక్క పని లేదని కాదు. ఇజ్రాయెల్‌లో గెషర్ బెనోత్ యాకొవ్ అనే చోట 7,80,000 ఏళ్ల నాటి నునుపు చేసిన పలక దొరికింది. ఇంగ్లండ్‌లోని క్లాక్టన్‌లో నాలుగు లక్షల ఏళ్ల నాటి ఈటె మొన, జర్మనీలోని షోనింగెన్‌లో ఆ తర్వాతి కాలం ఈటెలు కూడా ఉన్నాయి. కలాంబోలోనే ఇంకో నాలుగు చెక్క వస్తువులు దొరికాయి, వాటిలో ఒక చీల, నేల తవ్వే కర్ర ఉన్నాయి, వాటి వయసు 3,90,000 నుంచి 3,24,000 ఏళ్ల మధ్య. కానీ రెండు చెక్కల్ని కలిపి ఏదైనా కట్టడం ఇంత పాత కాలంలో ఇంకెక్కడా కనిపించలేదు. కలాంబో వార్తలో నిజంగా కొత్త విషయం ఇదొక్కటే. మిగతా హడావుడి అంతా పక్కన పెట్టొచ్చు.

ఇక 'ఇల్లు' అన్నమాట. ఉన్నది రెండు దుంగలు. అది దేనికోసం కట్టారో తెలియదు. బార్హమ్ బృందమే కొన్ని అవకాశాలు చెప్పింది: వరదొచ్చే నేల కాబట్టి తడవకుండా కూర్చోడానికి ఎత్తుగా ఒక వేదిక, బురదలో నడవడానికి ఒక దారి, లేదా ఒక గుడిసెకి పునాది. ఇల్లు అన్నది ఆ జాబితాలో చివర ఉన్న ఒక అవకాశం మాత్రమే, కానీ ఇల్లంటే క్లిక్కులు వస్తాయి కాబట్టి హెడ్‌లైన్లు దాన్నే పట్టుకున్నాయి. నాకైతే వేదికో దారో అయి ఉంటుందనిపిస్తుంది, తడి నేల మీద ఏ జీవికైనా మొదట వచ్చే ఇబ్బంది కాళ్లు దిగబడడమే కదా.

ఇంకో వాదన కూడా జాగ్రత్తగా వినాలి. ఆ కాలం వాళ్లు వేట వెంట తిరిగే సంచారులు, ఎక్కడా నిలవరు అన్నది పాత నమ్మకం. ఇంత శ్రమపడి ఏదో కట్టారంటే ఆ చోటికి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లనో, కొన్నాళ్లు ఉండేవాళ్లనో అనుకోవాలి. నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, పక్కనే అడవి, తిండికి లోటు లేదు, కాబట్టి అది నమ్మదగిందే. కానీ రెండు దుంగల మీద ఊరు మొత్తం కట్టేయకూడదు.

మరి కట్టిందెవరు? మన జాతి, అంటే హోమో సేపియన్స్, కాదు. మన జాతి ఎముకల్లో ఇప్పటిదాకా దొరికిన అన్నిటికంటే పాతవి మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌వి, సుమారు 3,15,000 ఏళ్ల నాటివి. కలాంబో దుంగలు అంతకంటే లక్షన్నర ఏళ్లు పాతవి. జాంబియాలోనే కాబ్వే అనే ఊళ్లో 1921లో గనిలో ఒక పుర్రె దొరికింది. కనుబొమల దగ్గర మందపాటి గట్టుతో, మన ముఖానికి దూరంగా ఉండే ఆ పుర్రెని హోమో హైడెల్‌బెర్గెన్సిస్ అనే పాత జాతిదని చాలామంది అంటారు. దాని వయసు దాదాపు మూడు లక్షల ఏళ్లని 2020లో తేల్చారు. అలాంటివాళ్ల పూర్వీకులే కలాంబోలో పనిచేశారని ఊహించొచ్చు, కానీ రుజువు లేదు. ఎందుకంటే కలాంబోలో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. చెక్కని కాపాడిన మట్టే ఆమ్లగుణం వల్ల ఎముకల్ని కరిగించేసింది! మామూలుగా పురావస్తు స్థలాల్లో ఎముకలు దొరికి చెక్క పోతుంది, ఇక్కడ అంతా తిరగబడింది.

ఆ కాబ్వే పుర్రె ఇప్పటికీ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనే ఉంది. జాంబియా దశాబ్దాలుగా వెనక్కి ఇమ్మని అడుగుతోంది. కోహినూర్ గొడవ తెలిసిన మనకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

గోడ మీద కొంగలు

జలపాతం కింది లోయ గోడల్లో ఎండాకాలంలో, అంటే అక్కడ వానలు లేని నెలల్లో, మారబూ కొంగలు గూళ్లు పెడతాయి. ఇవి సాధారణంగా చెట్ల మీద కట్టుకుంటాయి, ఇక్కడ నిట్టనిలువు రాతి గట్ల మీద. నక్కలూ పిల్లులూ అక్కడికి ఎక్కలేవు. పైగా ఎండకి వేడెక్కిన రాతిగోడ నుంచి గాలి పైకి లేస్తుంది కాబట్టి, అంత బరువున్న పక్షి రెక్క ఆడించకుండానే ఆ గాలి మీద తేలిపోవచ్చు.

అందం విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోకండి. నిలబడితే ఒకటిన్నర మీటర్ల ఎత్తు, రెక్కలు చాపితే రెండున్నర మీటర్ల పైన. బోడి తల, దాని మీద ఎర్రటి మచ్చలు, మెడ కింద వేలాడే గులాబీ రంగు సంచి. కళేబరాలు, చెత్త, చేపలు, ఏది దొరికితే అది తింటుంది. తల బోడిగా ఉండడానికి కారణమూ అదే, కళేబరంలో తల దూర్చినప్పుడు ఈకలుంటే నెత్తురంటి పాడవుతాయి. కాళ్లు సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తాయి, అది రంగు కాదు, రెట్ట. ఎండకి ఒళ్లు వేడెక్కకుండా తన కాళ్ల మీదే రెట్ట వేసుకుంటుంది, తడి ఆరేటప్పుడు కాళ్లలో పారే నెత్తురు చల్లబడుతుంది. చూడ్డానికి రోత, కానీ పని చేస్తుంది. అస్సాంలో హర్‌గిలా అని పిలిచే పెద్ద కొంగ దీనికి దగ్గరి చుట్టమే.

వానాకాలం వదిలేసి ఎండాకాలంలో పిల్లల్ని పెంచడం విడ్డూరంగా అనిపిస్తుంది. కానీ మడుగులు ఎండేకొద్దీ చేపలూ కప్పలూ కొద్దిపాటి నీళ్లలో కుప్పగా దొరుకుతాయి, పిల్లల నోళ్లు నింపడానికి అంతకంటే మంచి కాలం లేదు.

సింహాలూ ఏనుగులూ కావాలంటే కలాంబోలో దొరకవు. టాంగన్యీకా ఒడ్డున ఉన్న ఎంపులుంగు రేవు నుంచి పడవలో సరస్సు దాటి ఎన్సుంబు నేషనల్ పార్కుకి వెళ్లాలి, అక్కడ ఏనుగులు, నీటిగుర్రాలు, మొసళ్లు ఉన్నాయి. సరస్సులో సిక్లిడ్ చేపలు వందల రకాలు, చాలావరకు ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా దొరకనివి. హైదరాబాద్ అక్వేరియం షాపుల్లో ఆఫ్రికన్ సిక్లిడ్లని అమ్మేవాటిలో టాంగన్యీకా రకాలు కూడా ఉంటాయి.

వెళ్లాలనుకుంటే

మొదట చెప్పాల్సింది, అక్కడికెళ్లి దుంగలు చూద్దామనుకుంటే కుదరదు. తవ్విన గుంటలు తవ్విన తర్వాత పూడ్చేస్తారు, చెక్కని బయట అలా వదిలేస్తే ఎండి పగిలిపోతుంది. మైదానంలో మీకు కనిపించేది గడ్డి, మలుపులు తిరిగే నది, ఒడ్డున మట్టిగోడ, అంతే. ముందే ఈ కథ తెలిసి వెళితే ఆ మట్టిగోడ దగ్గర అరగంట నిలబడతారు, లేకపోతే సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. కింద కనిపించే రాళ్లు ఏవీ జేబులో వేసుకోకండి, అది వారసత్వ స్థలం. 2009 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడా ఉంది.

రెండోది, కాలం. వానలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. జలపాతం నిండుగా ఉండేది వానల చివర్లో, కానీ అప్పుడు మట్టిరోడ్డు ఏరులా ఉంటుంది, కొంగలు గూళ్లు పెట్టవు. అక్టోబర్‌లో వెళితే రోడ్డు బావుంటుంది, ధార సన్నబడిపోతుంది. ఒక్కసారే వెళ్లేవాళ్లు మూడింటి మధ్య రాజీపడాలి. జూన్, జూలై అయితే నీళ్లు ఇంకా బాగానే ఉంటాయి, దారి ఎండి ఉంటుంది, గూళ్ల కాలమూ మొదలవుతుంది. నేనైతే అప్పుడే వెళ్లమంటాను.

దారి విషయానికొస్తే, రాజధాని లుసాకా నుంచి ఎంబాలా ఊరికి రోడ్డు మీద దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అక్కడినుంచి జలపాతానికి ఇంకో ముప్పై నలభై కిలోమీటర్లు మట్టిరోడ్డు, చిన్న కారుతో సాహసం చేయకండి, ఎత్తైన బండి కావాలి. ఎంపులుంగు నుంచి పడవలో సరస్సు ఒడ్డుకి వెళ్లి నిటారుగా కొండెక్కే దారి ఒకటుంది, ఓపికున్నవాళ్లకి. దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకి టాంజానియా వైపు సుంబవాంగా మీదుగా రావడం తేలిక. అంచు దగ్గర రెయిలింగులు ఉంటాయన్న ధీమాతో వెళ్లకండి, తడి రాయి మీద నిలబడి ఫొటో కోసం వెనక్కి జరిగేవాళ్లకి కింద 200 మీటర్ల పైన ఖాళీ ఉందని గుర్తుండదు. మలేరియా ప్రాంతం, దోమతెర, మాత్రలు తప్పనిసరి. ఎల్లో ఫీవర్ టీకా, వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనకముందే కనుక్కోండి. నేల ఎత్తు మీద ఉంది కాబట్టి జూన్, జూలై రాత్రుళ్లు చలిగా ఉంటుంది, ఆఫ్రికా కదా అని స్వెటర్ ఇంట్లో వదిలేసి వెళ్లేరు.

ఎంబాలాలో ఒక పూట ఆగండి. మోటో మోటో మ్యూజియం ఊరి శివార్లలోనే ఉంది, అక్కడి జనాల పనిముట్లు, వాయిద్యాలు, వాళ్ల ఆచారాల్లో వాడే వస్తువులు చాలా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం యూరప్‌లో 1918 నవంబర్ 11న ముగిస్తే, ఆఫ్రికాలోని జర్మన్ సేనాని లెటో ఫోర్బెక్ లాంఛనంగా లొంగిపోయింది నవంబర్ 25న, ఈ ఊళ్లోనే. అప్పట్లో దీని పేరు అబర్‌కార్న్. విక్టోరియా కూడా అదే ట్రిప్‌లో చూడాలనుకునేవాళ్లు మ్యాప్ ఒకసారి తీసి చూసుకోండి, అది దేశానికి ఆ చివర, లుసాకా నుంచి ఇంకో 470 కిలోమీటర్లు. పది రోజుల సెలవు లేకుండా రెండూ పెట్టుకుంటే మొత్తం ట్రిప్ బస్సు సీట్లోనే గడుస్తుంది. అయినా వెళ్లేవాళ్లు లివింగ్‌స్టన్ మ్యూజియం వదలకండి, క్లార్క్ ఏళ్ల తరబడి నడిపిన ఆ మ్యూజియంలో జాంబియా రాతియుగానికి విడిగా ఒక విభాగం ఉంది.